చెలమల వేళకు పెట్టిన సభ

తూర్పు ఆఫ్రికా గడ్డిమైదానంలో ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఏరు ఎండింది. ఇసక జారి పూడిపోయే చెలమలను రోజూ మిట్టమధ్యాహ్నం కొత్తగా తవ్వేది అక్కడి జంతువుల్లో ఆడవాళ్లు, వచ్చి తాగేది మగవాళ్లు. తాగి ఊరుకోవచ్చుగా, మూతి తుడుచుకుంటూ నీళ్లు బురదగా ఉన్నాయని వంకలు పెట్టేవారు.

ఇలా ఉండగా అడవి సభలో సగం చోట్లు ఆడవాళ్లకేనని రాజధాని నుంచి చట్టం వచ్చింది. సభపెద్ద దున్నపోతు బరాసా గుండెల్లో రాయి పడింది. ఒకేలో అనే నక్క మాత్రం నవ్వాడు. చోట్లు ఇచ్చేద్దాం, సభ మాత్రం చెలమల వేళకే పెడదాం, వచ్చినవాళ్ల మాటే సభ మాట అని ఉపాయం చెప్పాడు. అంతే, అప్పట్నుంచి సగం చోట్లు ఖాళీ. పైగా పిలిచినా రారండీ అని పెదవి విరుపులు. ఒళ్లు మండదూ మరి?

ఆ ఎండల్లోనే అడవిపంది న్యాబోకె మొగుడు పోయాడు. కన్నీళ్లు ఆరకముందే మరిది వాకిట్లో నిలబడ్డాడు. అన్న పోతే బొరియ తమ్ముడిదే, మన ఆచారం అదే అన్నాడు. ఆ బొరియ తవ్వింది న్యాబోకె. లోపల పాలు మరవని పిల్లలు, బయట తిరుగుతున్నది చిరుత. రేపు సభలో తేలుస్తామన్నారు సభవాళ్లు. ఇంకేం తేలుస్తారు, ఆ వేళకి ఆమె ఏట్లో ఉంటుంది కదా.

న్యాబోకె ఏడుస్తూ ఏనుగు పెద్దమ్మ మొరా దగ్గరికి వెళ్లింది. మొరా అంతా విని విసుగ్గా తల విదిలించి, ఆడవాళ్లందరినీ పిలిపించింది. "రేపు ఒక్కరూ చెలమ ముట్టుకోకండి. సభకి నడవండి" అంది.

మర్నాడు ఆడవాళ్లంతా వచ్చి తమ చోట్లలో కూర్చునేసరికి నక్క గబగబా తలలు లెక్కపెట్టుకున్నాడు.

"మరి నీళ్లో, పెద్దమ్మా?" అన్నాడు బరాసా.

"సభలో ఉన్నాం కదా నాయనా. న్యాబోకె చెప్పేది విను."

న్యాబోకె బొరియ తవ్వడం మొదలెట్టిన రోజు నుంచి తాపీగా అందుకుంది. ఏ వేరు అడ్డొచ్చిందో, ఏ రాయికి కోర విరిగిందో ఒక్కటీ వదలకుండా చెబుతోంది. వడగాలికి గొంతులు పిడచగట్టాయి. దాహం ఆడవాళ్లకీ ఉంది, కానీ ఎవరూ కదల్లేదు. ముందు మరిది జారుకున్నాడు, తర్వాత బరాసా, చివరికి నక్కతో సహా మగవాళ్లందరూ ఏటికి పరిగెత్తారు. తీరా వెళ్తే చెలమ ఎక్కడ తవ్వాలో ఒక్కడికీ తెలియదు.

ఒళ్లంతా ఇసకతో, ఎండిన నోళ్లతో తిరిగొచ్చేసరికి సభలో మిగిలినవాళ్ల మాటే సభ మాటగా ఖాయమైపోయింది. బొరియ న్యాబోకెది. సభ ఇకమీదట పొద్దున్నే. చెలమల పని అందరిదీ. నక్క కాసేపు గింజుకున్నాడు గానీ, నియమం పెట్టింది తనే కావడంతో వినేవాళ్లు లేకపోయారు.

మరిది మాత్రం న్యాబోకె వెంటపడ్డాడు. "మరి నేనెక్కడ పడుకోవాలి వదినా?"

"కోరలున్నాయిగా, తవ్వుకో" అని పిల్లల దగ్గరికి వెళ్లిపోయింది.

నీతి: చోటిచ్చామని ఎవరైనా గొప్పలు పోతే, వేళ ఎవరు పెట్టారో ముందు అడగాలి.