నామనిషి మిట్ట

కురవపల్లెలో బస్సు దిగి చింతతోపు వెంట పైకి నడిస్తే పొడవాటి పెంకుల వరండాలు కనిపిస్తాయి. ఈ చోటును నామనిషి మిట్ట అంటారు. నేడు ఇది వృద్ధాశ్రమం. గోడలమీది పాత మంచాల నంబర్లు ఎన్నిసార్లు సున్నం వేసినా మళ్ళీ పైకి తేలుతూనే ఉన్నాయి. ఆశ్రమం నడిపే మేమూ వాటితో పోరు మానేశాం.

పూర్వం ఇక్కడ క్షయ ఆసుపత్రి ఉండేది. జబ్బు నయమైన రోగిని ఒంటరిగా పంపేవారు కాదు. ఇంటివారు వచ్చి, గేటు దగ్గర చెయ్యి పట్టుకుని, “నా మనిషే” అనాలి. అప్పుడే అప్పగించేవారు. నియమం మంచిదే. కాని క్షయ అంటే కన్నవారే గడప దాటనివ్వని రోజులవి.

మందులు ఊరూరా దొరికే కాలం వచ్చి ఆసుపత్రి మూతపడింది. చివరికి పక్కపక్క మంచాల ఆడవాళ్ళిద్దరు మిగిలారు, ఓబుళమ్మ, కాశింబీ. ఓబుళమ్మ తమ్ముడు గేటు దాకా వచ్చాడు. అక్కను తేరిపార చూసి, “ఈమె మా మనిషి కాదు” అని వెళ్ళిపోయాడు. ఎవరూ రానివారిని పట్నంలోని అనాథల షెడ్డుకు తోలాలని పైనుంచి ఉత్తర్వు ఉంది. ఓబుళమ్మ గేటు ఊచలు పట్టుకుని వదలలేదు.

అప్పటికే కాశింబీని ఆమె కొడుకు బండి ఎక్కించాడు. ఆమె దిగి వచ్చి ఓబుళమ్మ చెయ్యి పట్టుకుంది.

“నా మనిషే సామీ. నాకియ్యండి,” అంది డాక్టరు కేశవులుగారితో.

“ఇంట్లో జాగా యాడుందమ్మా?” అన్నాడు కొడుకు.

“అట్లయితే నేనూ ఈడనే ఉంటా. నువ్వు పో నాయనా.”

 డాక్టరుగారు ఆసుపత్రి తాళంచెవులు కాశింబీ చేతిలో పెట్టారు. పైవారికి ఏమని సర్దిచెప్పుకున్నారో మాకు తెలియదు. ఆ కబురు విని, ఇళ్ళలో చోటులేని పెద్దలు ఒక్కరొక్కరే మిట్ట ఎక్కసాగారు.

ఆ ఆచారం నేటికీ ఉంది. కొత్తగా వచ్చినవారి చెయ్యి ఇక్కడి పెద్దల్లో ఒకరు పట్టుకుని “నా మనిషే” అంటేనే గేటు తెరుస్తాం. దీనివల్ల ఆయుష్షు పెరుగుతుందని చెప్పలేం. రాత్రి దగ్గు వస్తే మాత్రం పక్క మంచంవారు లేచి నీళ్ళిస్తారు. వెంట వచ్చిన కొడుకులూ కూతుళ్ళూ గేటు దగ్గర ఇది జరిగినంతసేపూ బయట నిలబడి చూడాలి. ఒక్కోసారి వాళ్ళలో ఎవరో ఆగలేక ముందుకొచ్చి, “కాదు, నా మనిషే” అనేస్తారు. అలాంటివారికి వారి పెద్దలను అప్పగించి ఇంటికి పంపేస్తాం. ఆ పూట ఇక్కడ అందరికీ పాయసం.