బొల్లావు నుదుటి సుడి

అనగా అనగా, పశువులు మాట్లాడితే మనుషులకు వినబడే కాలంలో, ఎర్రనేలల సీమలో కోనప్ప అనే ఆసామి ఉండేవాడు. అతనికి దొడ్డినిండా పశువులు. వాటిలో తెల్లమొహపు బొల్లావు ఒకటి. దాని పాలతోనే కోనప్ప పిల్లలు పెరిగారు. పాపం, దాని నుదుట పక్కపక్కనే రెండు వెంట్రుకల సుడులు, అరిష్టమని జనం జడుసుకునే జంట సుడి ఉంది.

ఒకనాడు కోనప్ప నేలలోని పాతర తవ్వి జొన్నలు తీయించాడు. గోతి మీద బండ కప్పకుండా సంతకు పోయాడు. గంతులేస్తున్న దూడ అందులో పడి మెడ విరిగి చచ్చింది.

కోనప్ప కబురంపితే, పశువుల సుడులు చూసి మంచిచెడ్డలు చెప్పే పెద్దమనిషి వచ్చాడు. దొడ్డంతా కలియజూసి, బొల్లావు నుదుట వేలు పెట్టాడు.

"జంట సుడి! ఇది ఉన్న కొట్టం నిలవదు."

"బండ ఎవరు కప్పలేదో అడగరేం?" అంది బొల్లావు.

"నోర్ముయ్, దరిద్రపు మొహమా!" అన్నాడు కోనప్ప.

ఆ ఏడు వానలు లేవు. కోసిన జొన్నచేలో మోళ్ళకు లేత పిలకలు లేచాయి. బెట్టకు లేచిన పిలకలు పశువుకు విషమని సీమలో పిల్లలకు కూడా తెలుసు. కోనప్పకూ తెలుసు. చేను చుట్టూ ముళ్ళకంప కంచె వేయడానికే బద్ధకం. చూడి ఆవు ఒకటి ఆ పిలకలు మేసి, పొద్దు వాలకముందే కాళ్ళు చాపేసింది.

"మళ్ళీ నీ సుడే!" అని అరిచాడు కోనప్ప.

"నా సుడి వెళ్ళి దాన్ని మేయమందా?"

కోనప్ప బొల్లావును కసాయికి తోలబోయాడు. అంతలో ఇంకో ఆలోచన తట్టి మీసంలో నవ్వుకున్నాడు. పక్కదొడ్డి తిమ్మక్కకూ అతనికీ ఎప్పటినుంచో గట్టు తగాదా.

"అక్కా, ఈ ఆవును ఊరికే ఇస్తున్నా, తోలుకుపో."

"ఊరికే ఇచ్చే చెయ్యా నీది? నా కొట్టం కూలాలనే కదూ?" అంది తిమ్మక్క. "కానీలే, దాని సుడి దాని నుదుటనే ఉంటుంది. నా పాతర మీద బండ ఉంది." బొల్లావును తోలుకుపోయి కుడితి పెట్టింది.

తిమ్మక్క కొట్టం కూలలేదు. బొల్లావు కుండ నిండా పాలిచ్చింది.

కోనప్ప మాత్రం తన మేలురకం ఎద్దును ఏటవాలు గట్టు మీద, మెడకు జారుముడి వేసి కట్టి, అన్నానికి పోయాడు. ఎద్దు కాలు జారింది, ముడి బిగిసింది. కోనప్ప కర్ర తీసుకుని, ఊరిని వెంటేసుకుని, తిమ్మక్క దొడ్డి మీదికి వచ్చాడు.

"పక్కదొడ్లో ఉండి కూడా నా ఎద్దును మింగింది! దీన్ని కసాయికి ఇచ్చి తీరాలి!"

జనం నిజమే అన్నట్టు తలలూపారు. తిమ్మక్క గుమ్మానికి అడ్డం నిలబడింది. బొల్లావుకు ఒళ్ళు మండిపోయింది.

"ముందు ఎద్దు మెడలో పలుపు చూసి రండి!"

వెళ్ళి చూశారు. ఒక ముసలాయన పలుపు లాగాడు. ఉచ్చులా ఇంకా బిగిసింది.

"జారుముడి! పశువు మెడకు ఎవరైనా ఇది వేస్తారటరా?"

బొల్లావు తన ముందుకాలు ఎత్తి అందరికీ చూపించింది.

"అయ్యలారా, ఇవి గిట్టలు. ముడి వేయడానికి నాకు వేళ్ళేవి?"

జనం పకపకా నవ్వారు. సుడులు చూసే పెద్దమనిషి మెల్లగా సందులోకి జారుకున్నాడు. కోనప్ప తల వంచుకుని గట్టు దగ్గరికి పోయి, తను వేసిన ముడి తనే విప్పుకున్నాడు.

తన చేతి తప్పును ఇంకొకరి నుదుట రాసేవాడు, ఆ తప్పునూ దిద్దుకోలేడు, నష్టాన్నీ ఆపుకోలేడు.