తెల్ల పాలిష్ కింద ఎరుపు

నేను ఇంతకు ముందర ఏమీ రాసినదాన్ని కాదు. ఐదో తరగతితో బడి మానేసినాను. నలుగురిలో నోరు తెరవాలంటేనే నాకు చెమట పడుతుంది, ఇంక రాయడమెక్కడ? అయినా ఈ సంగతి ఇంకొకరు చెప్తే, బంగారంలాంటి బూట్లను చెడగొట్టిన మనిషినని నా పేరు చెప్తారు. అందుకని నేనే రాస్తున్నాను.

గుంతకల్లు రైల్వే కాలనీలో బాస్కెట్‌బాల్ నేర్పే ఫిలోమినా టీచరును ఏదన్నా అడిగితే నోటితో జవాబు చెప్పదు. బంతి ఎట్ల వేయాలని అడిగితే బంతి లాక్కుని ఉత్త చేతులతో ఎగరమంటుంది. ఎందుకు ఓడిపోయినామని అడిగితే గెలిచినవాళ్ళ బస్సు ఎక్కించి, ఊరిదాకా వాళ్ళ కేకలు వినమంటుంది. వయసు డెబ్బై దగ్గర పడినా ఆ అలవాటు పోలేదు.

ఆమె శిష్యుల్లో నిఖిలేశ్ అని ఒక అబ్బాయి ఉన్నాడు. బ్యాంకులో ఉద్యోగం. ఆట బాగా ఆడతాడు, దానికంటే బాగా బూట్లు కూడబెడతాడు. అన్నీ బాస్కెట్‌బాల్ బూట్లే, తాను పుట్టకముందు వచ్చినవి. ఏ మోడలు ఏ రంగుల్లో వచ్చిందో అతనికి నోటికి వచ్చు. ఆ రంగుల జోడింపును కలర్‌వే అంటారంట. ముక్కు నలుపైతే మడమ ఎరుపా, మడమ నలుపైతే ముక్కు ఎరుపా, నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. తొడుక్కునేది మాత్రం ఒక్కటీ లేదు. అన్నీ డబ్బాల్లోనే.

ఒక ఆదివారం సాయంత్రం ఆట అయిపోయినాక మెట్ల మీద కూర్చుని టీచరును అడిగినాడు.

“మేడమ్, పాత జత చూస్తే నేను అక్కడనుంచి కదలలేను. అవే రంగులతో కంపెనీవాళ్ళు మళ్ళీ కొత్తగా తీస్తున్నారు. కొని చూస్తే ఏమీ అనిపించదు. ఆ ఎరుపు ఈ ఎరుపు కాదు. ఎందుకు మేడమ్ అట్లా?”

“నీకు పెళ్ళి చేస్తే సరిపోతుంది లే అన్నా” అనింది వెనకనుంచి ఒక పిల్ల. అందరూ నవ్వినారు. టీచరు నవ్వలేదు. ఆదివారం ఆదివారం ఆట చూడను వచ్చి పక్కన కూర్చునే నన్ను చూసి, “మే ఓబులమ్మా, మా ఇంట్లో బీరువా అడుగున గుడ్డమూట ఉంటుంది. తెచ్చి ఈ అబ్బయ్య చేతికియ్యి” అనింది.

ఆ మూటలో ఏముందో నాకు తెలుసు. కాళ్ళు ఈడ్చుకుంటానే తెచ్చినాను.

నిఖిలేశ్ విప్పి చూసి, ఏవో తెల్ల బూట్లే అనుకున్నాడు. తర్వాత ముక్కు మీది చిల్లులు, చీలమండ పైదాకా వచ్చే ఎత్తు చూసి లేచి నిలబడినాడు. “మేడమ్, ఇది ఎరుపు నలుపుల్లో వచ్చిన మోడలు. ఇందులో తెల్లవి రానే లేదు.” గోటితో గీకినాడు. తెల్లటి పొడి రాలింది. “అయ్యో దేవుడా! బడిపిల్లోళ్ళ తెల్ల పాలిష్ పూసినారు! ఎవరు మేడమ్ ఈ పని చేసింది? ఏం మనిషి?”

“ఆ మనిషి నీ పక్కనే ఉంది” అనింది టీచరు.

అతని ముఖం మాడిపోయింది. “సారీ ఆంటీ. కానీ ఎందుకు పూసినారు?” అన్నాడు. నేల చూస్తానే రెండు ముక్కల్లో చెప్పినాను. ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను. అప్పట్లో మా కాలనీ ఆడపిల్లల జట్టుకంతా మంచి బూట్లు ఆ ఒక్క జతే. టీచరు అన్న ఆస్ట్రేలియానుంచి ఆమెకు పంపినవి. పోటీలరోజు డబ్బా విప్పి మాకిచ్చేసింది. మిగిలినవన్నీ తెల్ల గుడ్డ బూట్లు. ఆటలోకి పోయేవాళ్ళు ఇవి తొడుక్కునేది, బయటికొచ్చేవాళ్ళు విప్పేది. కాలు చిన్నదైతే ముందర గుడ్డ కుక్కుకునేది. రెఫరీ చూసి, బూట్లు తెల్లగా లేకుంటే ఆడనియ్యనన్నాడు. పాలిష్ డబ్బా అడుక్కొచ్చి, కొళాయి పక్కన కూర్చుని నేనే పూసినాను. ఆరకముందే ఆటలోకి పోయినారు. చెమటకు తెలుపు పగిలి ఎరుపు బయటపడేది. విప్పినప్పుడల్లా మళ్ళీ పూసేదాన్ని. చివర్లో నన్ను కూడా ఆడించినారు. ఓడిపోయినాము. మరుసటేడు నాకు పెళ్ళయింది. పోటీలో నేను ఆడింది ఆ ఒక్కసారే.

నిఖిలేశ్ విన్నాడు గానీ చేతులు బూటు మీదే ఉన్నాయి. “మీరేమీ బాధపడొద్దు ఆంటీ. ఇప్పుడు మంచి మందులొచ్చినాయి. తెలుపంతా తీసేస్తే అసలు రంగు అట్లే ఉంటుంది. మేడమ్, తీసేదా?”

“తియ్యి” అనింది టీచరు.

అతను సంచిలోంచి ఒక సీసా, మెత్తటి బ్రష్ తీసి మడమ దగ్గర రుద్దినాడు. తెల్లటి నురుగు కారింది. దాని కిందనుంచి ఎరుపు వచ్చింది. అబద్ధమెందుకు, బాగుండింది. కొత్త గాజులాగా మెరిసింది. పిల్లలందరూ మూగినారు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి.

“అదేనా నువ్వు వెతుకుతుండేది?” అని అడిగింది టీచరు.

“అదే మేడమ్. అసలు రంగు.”

“దాంట్లో ఎవరాడినారు?”

అతని బ్రష్ ఆగలేదు. మడమ దాటి పక్కకు పోతా ఉంది. ఆ పక్కన తెలుపులో నా వేళ్ళ గుర్తులు ఆరిపోయి ఉన్నాయి. పూసేటప్పుడు పట్టుకున్న చోటు అది.

నాకేమయిందో తెలియదు. బూటు అతని చేతిలోంచి లాక్కున్నాను. “చాలు” అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది. “కంపెనీవాళ్ళు వేసిన రంగు ఇంకెక్కడైనా వెతుక్కో నాయనా. దీనికి రంగు వేసింది నేను. ఇదీ అసలుదే.”

“ఆంటీ, దీని విలువ మీకు తెలీడం లేదు. ఎరుపులో అయితే ఇది...”

“నీకు తెలిసిన విలువ నీదగ్గరే పెట్టుకో.”

ఎవరో పిల్ల ఈల వేసింది. అతను బిక్కమొహంతో టీచరు వైపు తిరిగినాడు. “జత మీది మేడమ్. మీరే చెప్పండి. తీసేదా, వద్దా?”

టీచరు బంతి చంకన పెట్టుకుని లేచింది. “ఆ రోజు నేను గీత బయట కూర్చున్నదాన్ని నాయనా” అనింది. “లోపల ఉన్నదాన్ని అడుగు.”

అతను అడగలేదు. నేను రెండు బూట్లూ పట్టుకుని ఇంటికి వచ్చేసినాను.

మర్నాడు పొద్దున అంగడి తెరవగానే తెల్ల పాలిష్ కొని తెచ్చి, ఎరుపు కనబడే చోట దట్టంగా పూసినాను. నిఖిలేశ్ బ్యాంకుకు పోయే దారి మా ఇంటి ముందరే. బూట్లు రెండూ ముందరి గోడ మీద ఎండకు పెట్టినాను. అతను వచ్చి, బండి ఆపి, చాలాసేపు చూసినాడు. నేను గడపలోనే నిలబడినాను. లోపలికి పోలేదు.