డొల్ల పలికిన రాయి

ముత్తోజు సాంబయాచారిగారిని ప్రశ్న అడగడమంటే బావిలో చేద దించి, తాడు గిలకకే కట్టేసి ఇంటికి వచ్చేయడం లాంటిది. నీళ్ళు ఎప్పుడు పైకి వస్తాయో ఆయనకే తెలియాలి. ఆళ్ళగడ్డలో ఆయన దగ్గర ఉలి పట్టడం నేర్చుకున్న వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఎవడైనా ఏదైనా అడిగితే ఆరునెలలకు, వాడు అడిగిన మాటే మరిచిపోయాక, ఏ భోజనాల దగ్గరో జవాబు వచ్చేది. అందుకని తెలివైనవాళ్ళు అడగడం మానేసి పని చేసుకునేవాళ్ళు.

ఓంకారం మానలేదు. అతనికి ఇరవై ఎనిమిదేళ్ళు. చేతిలో ఎంత పనితనం ఉందో గుండెలో అంత పిరికితనం ఉంది. విగ్రహానికి ముక్కు తీర్చాల్సిన రోజున పొద్దున్నే కడుపునొప్పి వచ్చే మనిషి. స్కాట్లండులో మనవాళ్ళు కట్టుకుంటున్న గుడికి రాతి మంటపం నిలబెట్టడానికి గురువుగారు ఎనిమిదిమంది శిల్పులను తీసుకుపోయినప్పుడు అతనూ వెళ్ళాడు. పరాయి దేశంలో అతని భయాలు రెట్టింపయ్యాయి. పోలీసు కనిపిస్తే పక్క వీధిలోకి తిరిగేవాడు. వీసా కాగితంలో తన పేరు సరిగ్గా పడిందో లేదోనని వారానికోసారి తీసి చూసుకునేవాడు. తోటివాళ్ళు ఎగతాళి చేస్తే నవ్వేసేవాడు గాని, కాగితం చూసుకోవడం మాత్రం ఆపలేదు.

ఒకరోజు స్తంభానికి నగిషీ చెక్కుతూ గురువుగారిని అడిగాడు. "అయ్యా, మీ చెయ్యి ఒక్కసారి వణకంగా నేను చూడలేదు. రాయి ముందర ఎట్ల నిలబడతారో పెద్ద పెద్దోళ్ళ ముందర కూడా అట్లనే నిలబడతారు. భయం లేని మనిషి లోపల ఎట్లుంటాడు?"

సాంబయాచారిగారు ఉలి మొన మీది దుమ్ము ఊదుకుని, "రేపు సెలవు కదా. ఆ వసుంధరమ్మ యేవో పాత రాళ్ళు చూపిస్తానంటాంది. నువ్వూ రా" అన్నారు. అంతే. తన ప్రశ్న బావిలో పడిందని ఓంకారానికి అర్థమైంది.

వసుంధరది నెల్లూరు. పదేళ్ళుగా స్కాట్లండులోనే ఇంజనీరు. గుడి కమిటీలో చేరిన పాపానికి శిల్పులకూ తెల్లవాళ్ళకూ మధ్య మాటలన్నీ ఆవిడే మోయాల్సి వచ్చింది. మర్నాడు, గురువారం పొద్దున, ఇద్దర్నీ కారెక్కించుకుని రెండు గంటలు నడిపి ఒక చిన్న ఊళ్ళో ఆపింది. ఒకప్పటి బడి అది. ఒకటే గది. ఆ గదే మ్యూజియం. అందులో పాతిక చెక్కుడు రాళ్ళున్నాయట.

గురువుగారు కారు దిగి నేరుగా లోపలికి నడిచారు. ఓంకారం మంకీటోపీ కోసం సీటు కింద వెతుక్కుని, దొరికాక కారు తలుపు సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు చూసుకుని, వసుంధర వెనకాల మెల్లగా వెళ్ళాడు. అప్పటికే ఆయన వాకిలి పక్కన ఒక కుర్చీలో శాలువా నిండా కప్పుకుని కూర్చుని ఉన్నారు. పెద్దాయన చలికి ముడుచుకుపోయారనుకున్నాడు ఓంకారం.

మ్యూజియం చూసుకునేది ఐల్సా అనే అరవయ్యేళ్ళావిడ. రాళ్ళ గురించి ఆవిడ చెబుతుంటే వసుంధర తెలుగులో అందించింది. పదమూడు వందల ఏళ్ళ కిందట ఆ ప్రాంతంలో పిక్టులనే జనం ఉండేవాళ్ళు. వాళ్ళ కథలు పోయాయి, భాష పోయింది, ఈ రాళ్ళు మాత్రం మిగిలాయి. ఒక రాతి మీద దువ్వెన, అద్దం. ఇంకోదాని మీద నెలవంక, దానికి అడ్డంగా విరిగిన బాణం. అన్నిటికంటే ఎత్తైన రాతి మీద ముంగాళ్ళు చుట్టలు చుట్టుకున్న, పొడుగు మూతి జంతువు. అదేం జంతువో ఎవరికీ తెలియదు. "వీటిని చదవగలిగినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు" అంది ఐల్సా.

ఓంకారం ఆ మాట సగమే విన్నాడు. అతని కళ్ళు జంతువు వీపు మీదున్నాయి. బొమ్మ అర్థం కాలేదు గాని, చెక్కినవాడి చెయ్యి అర్థమైంది. ఉలి ఎటునుంచి దిగిందో, ఎక్కడ తిరిగిందో కనబడుతోంది. మెడ దగ్గర ఒకచోట జారింది కూడా. జారిన గీతను ఆ శిల్పి పక్కనున్న లతలోకి మళ్ళించి ఏమీ ఎరగనట్టు ముందుకు పోయాడు. ఓరి గడుసువాడా, నేనైనా అదే చేసేవాణ్ణి గదా అనుకుని ఓంకారం నవ్వుకున్నాడు. ఆ దేశం వచ్చాక మొదటిసారి అతనికి చుట్టాల ఇంటికి వచ్చినట్టు హాయిగా అనిపించింది. ఆ హాయిలోనే పొరపాటు జరిగింది.

మన శిల్పులకు ఒక అలవాటుంది. ఏ రాయి కనబడినా వేలి కణుపుతో కొట్టి చెవి పెడతారు. ఖంగుమంటే మంచి రాయి, పనికి తీసుకుంటారు. గుమ్మడికాయను కొట్టినట్టు బొదబొదమంటే లోపల డొల్ల ఉందని పక్కన పడేస్తారు. చిన్నప్పటినుంచీ అదే పని గనక ఇక చేతిని అడిగేదేమీ ఉండదు, దానంతటదే పోతుంది. గోడ మీద 'తాకరాదు' అని బొమ్మతో సహా బోర్డుంది. ఓంకారం దాన్ని లోపలికి రాగానే చూసి భయపడ్డాడు కూడా. అయినా చెయ్యి లేచింది. ఐల్సా అటు తిరిగి ఉండగా ఆ ఎత్తు రాతిని టకటకా రెండు దెబ్బలు కొట్టాడు.

అది మోగలేదు. మళ్ళీ కొంచెం పైన, జంతువు కడుపు దగ్గర కొట్టాడు. ఇంకా డొల్లగా పలికింది. పైనుంచి సన్నటి ఇసుక జారి అతని మణికట్టు మీద పడింది.

ఓంకారానికి పై ప్రాణాలు పైనే పోయాయి. చెయ్యి లాగేసుకుని ఇసుక ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఇది తన దెబ్బకు విడిందా, ముందునుంచే విడి ఉందా? ముందునుంచే ఉందని అతని చెవి చెబుతోంది. రెండు వేళ్ళ మందాన రాతి పై ముఖం మొత్తం లోపలి రాతిని వదిలేసి, అంచుల పట్టుతో నిలబడి ఉంది. ఈరోజో రేపో చేటంత పెళ్ళ ఊడి పడుతుంది. కాని ఆ మాట చెప్పాలంటే కొట్టానని చెప్పాలి. కొట్టానంటే పగలగొట్టానంటారు. వాళ్ళ పెద్దల రాయిని పరాయివాడొచ్చి పగలగొట్టాడని పోలీసుల్ని పిలుస్తారు. కాగితాలు లాక్కుని పంపించేస్తారు. నెలలు నిండిన భార్య ఇంటి దగ్గర ఏ మొహంతో నలుగురిలో తిరుగుతుంది? తనొక్కడితో పోతుందా, మిగతా వాళ్ళనీ పొమ్మంటారా?

"పోదామా అమ్మా? చలి ఎక్కువుంది" అన్నారు గురువుగారు కుర్చీలోంచి.

ఆ మాట ఓంకారానికి ప్రాణం పోసింది. ఔను, పోవడమే. ఎవరూ చూడలేదు. ఇన్ని వందల ఏళ్ళు నిలబడ్డ రాయి ఇంకో పది రోజులు నిలబడదా? మనం దేశం వదిలాక పడుతుంది. పడితే మనకేం తెలుసు? ఇలా తనకు తానే చెప్పుకుంటూ వాకిలి వైపు నడిచాడు.

అప్పుడే తలుపు తీసుకుని నలుగురు ముసలమ్మలు లోపలికొచ్చారు. ప్రతి గురువారం వచ్చి రాళ్ళను చూసి బొమ్మలు గీసుకుంటారట. ఎవరి చోటు వాళ్ళకుంది. చేతికర్ర పట్టుకున్న ఒకావిడ మెల్లగా పోయి ఆ ఎత్తు రాతి కిందున్న బెంచీ వైపు తిరిగింది.

ఓంకారం గబగబా వెనక్కి వచ్చి ఆవిడకంటే ముందు బెంచీ మీద కూర్చుండిపోయాడు. ఎందుకు కూర్చున్నాడో అతనికే తెలియదు. చోటు లేకపోతే ఆవిడ ఇంకోచోటికి పోతుందనుకున్నాడేమో. ఆవిడ పోలేదు. కుర్రాడికి బొమ్మలంటే ఇష్టం కాబోలనుకుని, నవ్వి, కొంచెం జరగమని సైగ చేసి పక్కనే కూర్చుంది. పుస్తకం తెరిచి పెన్సిలు చెక్కుకోసాగింది. ఇప్పుడు ఆ పెళ్ళ కింద ఇద్దరున్నారు. ఓంకారం మెడ ఎత్తి పైకి చూడలేకపోయాడు. ఇంకో గింజ ఇసుక జారి ఆవిడ తెల్ల కాగితం మీద పడింది. ఆవిడ దాన్ని ఊదేసింది.

అతను లేచి ఆవిడ జబ్బ పట్టుకుని లాగాడు. చేతికర్ర కింద పడింది, పుస్తకం జారిపోయింది. గదిలో అందరూ ఇటు తిరిగారు.

"అన్నా, ఏం చేస్తన్నావు నువ్వు?" అంటూ వసుంధర పరుగున వచ్చింది.

ఓంకారానికి ఏడుపొచ్చేసింది. ముసలమ్మను గది మధ్యకు తెచ్చి నిలబెట్టి, అప్పుడు అన్నాడు. "నేను ఆ రాయిని కొట్టినా. మూడుసార్లు కొట్టినా. తప్పే. కానీ లోపల డొల్ల ఉందక్కా. పై ముఖం విడిపోయింది. ఎవురినీ దాని కింద కూర్చోనియ్యొద్దని చెప్పు. మిగతా వాళ్ళకు దీంతో సంబంధం లేదని కూడా చెప్పు."

వసుంధర ఐల్సాకు ఉన్నదున్నట్టు చెప్పింది. ఐల్సా ముఖం పాలిపోయింది. ఆవిడ ఓంకారాన్ని చూసింది, బోర్డును చూసింది, ఆ తర్వాత వాకిలి దగ్గర నిలబడ్డ పెద్దాయన వైపు తిరిగి ఏదో అడిగింది.

"మీరు పెద్దవారు, ఇతను చెప్పేది నిజమేనా అంటున్నారండీ" అంది వసుంధర.

సాంబయాచారిగారు కదల్లేదు. "నిజమేనమ్మా" అన్నారు.

ఐల్సా ముసలమ్మల్ని బయటికి పంపించి, పొట్టి నిచ్చెన తెచ్చి ఎక్కి, రాతి పక్కనుంచి టార్చి వేసింది. వెంట్రుకంత నెర్రె కనబడింది. మ్యూజియంలో అమ్మే పోస్టుకార్డు ఒకటి తీసి ఆ నెర్రెలో పెట్టింది. కార్డు సగం దాకా పోయింది. ఇంకొంచెం తోసింది. మొత్తం లోపలికి పోయింది.

ఆవిడ నిచ్చెన దిగి, గది తలుపు వేసి, ఎవరెవరికో ఫోన్లు చేసింది. తర్వాత ఒక కాగితమూ కలమూ తెచ్చి ఓంకారం పేరు అడిగింది. కేసు రాస్తున్నారనుకుని అతను ఇంటిపేరుతో సహా చెప్పాడు. "కేసు కాదన్నా" అంది వసుంధర. "ఈ రాయికి ఒక ఫైలుంది. అందులో, ఫలానా రోజున ఫలానా శిల్పి కొట్టి చూసి డొల్ల కనిపెట్టాడని రాసుకుంటారంట. ముట్టుకోవడం తప్పేనని కూడా రాస్తారంట." అతను సంతకం చేశాడు. ఐల్సా వేడి టీ తెచ్చిచ్చింది. సగం ఒలికిపోయింది.

తిరుగు ప్రయాణంలో సగం దారిలో ఓంకారానికి ఒక సందేహం వచ్చింది. అతను సందేహాన్ని దాచుకునే మనిషి కాదు గదా.

"అయ్యా, మీరు ఆ రాయి కాడికి కూడా రాలేదు. నిజమేనని ఎట్ల చెప్పినారు?"

గురువుగారు కిటికీలోంచి బయటికే చూస్తున్నారు. ఈసారి ఆరునెలలు పట్టలేదు.

"నువ్వు టోపీ యెతుక్కుంటా ఉన్నప్పుడే నేను కొట్టినా" అన్నారు. "ఇసుక నా చేతిమీద కూడా పడింది. ఎనిమిదిమందికి పూచీ పడి తీసుకొచ్చినోణ్ణి, నాకెందుకులే అని వచ్చి కుర్చీలో కూర్చున్నా. పోదామనింది కూడా అందుకే."

వసుంధర కారు వేగం తగ్గించింది.

"భయం లేని మనిషి లోపల ఎట్లుంటాడని అడిగినావు కదరా నాయనా" అన్నారు సాంబయాచారిగారు. "నాకు తెలిసుంటే, నువ్వు ఆ వాకిలి దాటి లోపలికి రాకముందే ఆ రాయి సంగతి చెప్పుండేవాణ్ణి."