కుడి పక్క ఉబ్బు

లోవరాజు మేస్త్రిని ఏదైనా అడిగితే నోటితో జవాబు రాదు. ఏదో ఒక పని పురమాయిస్తాడు. ఆయన దగ్గర పద్నాలుగేళ్ళుగా చెక్క పడవలు కట్టడం నేర్చిన నూకయ్యకు ఆ సంగతి తెలుసు. అయినా ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు.

"మేస్త్రిగారూ, రేవంతా ఫైబర్ పడవలే. రెండేళ్ళయింది మన గుమ్మం ఎవరైనా తొక్కి. నేర్చిన పని గంగపాలేనాండి?"

"ఎర్రయ్య పాత పడవ మీద ఫైబర్ షెడ్డువాళ్ళు అచ్చు తీస్తారట. నున్నగా చేసి ఇవ్వు," అన్నాడు మేస్త్రి.

ఆ షెడ్డులో చెక్క పడవ మీద పూతలు పోసి అచ్చు తీస్తారు. ఆ అచ్చులోంచి ఎన్ని ఫైబర్ పడవలైనా వస్తాయి. ఎర్రయ్య పడవ ఒకప్పుడు మేస్త్రి కట్టిందే. నూకయ్య కొలిచి చూస్తే ఎడమకంటే కుడి పక్క రెండు వేళ్ళు ఉబ్బుగా ఉంది. తొందరలో కట్టింది కాబోలు అనుకున్నాడు. గురువు పొరపాటు ఊరూరా అచ్చుపడకూడదని, ఎవరికీ చెప్పకుండా ఎడమ పక్క లప్పం పెట్టి రెండూ సమం చేశాడు.

ఆ అచ్చులోంచి వచ్చిన మొదటి పడవ ఎర్రయ్యే కొన్నాడు. మూడోనాడు మేస్త్రి దగ్గరికి అరుచుకుంటూ వచ్చాడు.

"వల లాగుతుంటే కుడికి పడుకుంటందయ్యా! నిన్న మా బావమరిది నీళ్ళలో పడ్డాడు. నువ్వు కట్టింది పాతికేళ్ళు నడిపాను, ఏనాడైనా ఇలా చేసిందా?"

ఆ తీరంలో వల ఎప్పుడూ కుడి పక్క నుంచే లాగుతారు. ఆ బరువుకు పడవ ఒరగకుండా ఆపేది ఆ ఉబ్బేనని నూకయ్యకు అప్పుడు వెలిగింది. తల దించుకుని, చేసింది చెప్పాడు. మేస్త్రి తిట్టలేదు. ఉలి చేతికిచ్చి, "గీకు," అన్నాడు.

షెడ్డువాళ్ళు గొణుక్కుంటూనే ఆ ఫైబర్ పడవ వెనక్కి తీసుకుని, కొత్త అచ్చు తీసి ఇంకోటి ఇచ్చారు. చెక్క పడవను నీళ్ళలోకి దింపడానికి ఎనిమిది మంది కావలసివచ్చేది. దీన్ని ఎర్రయ్య, భార్య, బావమరిది ముగ్గురే దింపారు. వల నిండా చేపలు లాగినా పడవ తిన్నగా నిలిచింది.

కొత్త పడవ బాగా నడిస్తే కట్టిన మేస్త్రికి పంచె పెట్టడం అక్కడి ఆనవాయితీ. ఎర్రయ్య పంచె తెచ్చాడు. మేస్త్రి దాన్ని నూకయ్య భుజాన వేసి, ఒడ్డున ఉన్న ఫైబర్ పడవ దగ్గరికి వెళ్ళి, కుడి పక్క చెయ్యి ఆనించి కళ్ళకద్దుకున్నాడు.

"ప్లాస్టిక్కుకి దండమేటండి మేస్త్రిగారూ?"

"ఆ ఉబ్బు మా గురువుగారి చెయ్యి," అన్నాడాయన. "చెక్కకు చెదలుంది నూకయ్యా. దీనికి లేదు."