నాలుగో పరీక్ష

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఇద్దరు కొడుకులు. చిన్నవాడు వసుమిత్రుడు ఏది చెప్పినా నమ్మేవాడు. పెద్దవాడు ధీరకేతుడు ఏది చెప్పినా నమ్మేవాడు కాదు. మహిమలున్నాయంటూ ఎవరొచ్చినా వాళ్ల ముందు మూడు కుండలు బోర్లించి, ఉంగరం దేని కింద ఉందో చెప్పమనేవాడు. రెండుసార్లు ఉంగరం పెట్టేవాడు, మూడోసారి పెట్టేవాడు కాదు. మూడోసారి కూడా ఏదో ఒక కుండ చూపించి, దొంగ మంత్రగాళ్లంతా తోక ముడిచేవారు.

ఒకనాడు రాజుగారి మేనకోడలు హేమలేఖ గొంతు ఉన్నట్టుండి మూగబోయింది. గొంతు తెచ్చినవాడికే ఆమెనిచ్చి పట్టం కడతానని రాజు చాటించాడు. మరదలంటే ప్రాణమిచ్చే ధీరకేతుడు ఊరూరా తిరిగి వైద్యులను తెచ్చాడు. కషాయాలు ఖర్చయ్యాయి గానీ గొంతు రాలేదు.

ఇంతలో వసుమిత్రుడు చంకలో ఒక కొంగను పెట్టుకుని సభకు వచ్చాడు. ఆ కొంగ నోరు విప్పి మాట్లాడింది. ఏడు సముద్రాల అవతల ఒక మాయావి ఆ గొంతు ఎత్తుకుపోయాడనీ, వాడి ప్రాణం చిలుకలో ఉందనీ చెప్పింది. సభంతా వసుమిత్రుణ్ణి మెచ్చుకుంది. ధీరకేతుడికి కడుపు మండిపోయింది. తాను కాళ్లరిగేలా తిరిగితే లేని మెప్పు, వీడు కొంగను తెస్తేనా?

తమ్ముడే పెదవి కదపకుండా మాట్లాడుతున్నాడని చెప్పి కుండలు తెప్పించాడు. కొంగ సరిగ్గా చెప్పింది. తమ్ముడు సైగ చేశాడన్నాడు. వాణ్ణి కోట బయటికి పంపి మళ్లీ అడిగాడు. కొంగ మళ్లీ సరిగ్గా చెప్పింది. గాలివాటంగా తగిలిందన్నాడు. మూడోసారి కొంగ కుండల వైపు చూసి, మూడూ ఖాళీయేనంది.

ధీరకేతుడు పళ్లు కొరికి, నాలుగోసారి చెప్పమన్నాడు.

"సంతలో గారడీవాళ్లకు మూడే పెట్టావు. నాకు నాలుగోది ఎందుకు నాయనా?" అంది కొంగ.

ధీరకేతుడు సిగ్గుతో తల దించుకుని, ఓడ సిద్ధం చేయించి తమ్ముడితో బయలుదేరాడు.

కొంగ దారి చూపగా ఏడు సముద్రాలూ దాటారు. మాయావి తోటలో ఒకే పోలికతో మూడు చిలుకలున్నాయి. "అయ్యో, ఆ చిలుకను మాత్రం ముట్టుకోవద్దు" అని మాయావి మొదటిదాన్ని చూపించి ఏడ్చాడు. వసుమిత్రుడు నమ్మి దాన్నే పట్టుకోబోయాడు. ధీరకేతుడు ఆపి, ఒక్కోదాని తోకలో ఈక పీకాడు. మూడోదాని ఈక పీకగానే మాయావి అబ్బా అని నడుం పట్టుకున్నాడు. ఆ చిలుకను గుప్పిట్లో పెట్టుకునేసరికి వాడు శంఖంలో దాచిన గొంతు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టాడు. ఇక ఎవరి జోలికీ రానని ఒట్టు వేశాడు.

శంఖం చెవి దగ్గర పెట్టగానే హేమలేఖకు మాట వచ్చింది. గొంతు తెచ్చిందెవరని రాజు అడిగాడు. నేనే అన్న మాట ధీరకేతుడి నాలుక చివరి దాకా వచ్చింది.

"తమ్ముడే. నేను కుళ్లుతో అడ్డం పడ్డాను" అన్నాడు.

అన్నయ్య లేకపోతే తాను వట్టి చిలుకతో తిరిగొచ్చేవాణ్ణని వసుమిత్రుడు నవ్వాడు.

"పెళ్లి చేజారుతుందని తెలిసీ నిజం చెప్పిన బావనే చేసుకుంటాను మామయ్యా" అంది హేమలేఖ.

పెళ్లి జరిగింది. తమ్ముడే దగ్గరుండి పందిరి వేయించాడు. ధీరకేతుడు చాలాకాలం చల్లగా రాజ్యమేలాడు. వింతలు తెచ్చేవాళ్లకు మూడు కుండలూ పెట్టేవాడు. కాకపోతే తనకూ వాళ్లకూ మధ్య ఒక తెర కట్టించేవాడు. తెర ఎందుకని హేమలేఖ ఒకసారి అడిగింది.

"తెచ్చినవాడి మొహం కనిపిస్తే నాకు నాలుగోది అడగాలనిపిస్తుంది" అన్నాడు రాజు.