కరీముల్లా రాసిన షరతు

దర్గా పక్కనున్న దవాఖానాలోకి కరీముల్లాకు తెలియకుండా చీమ కూడా దూరేది కాదు. కోడిగుడ్డుకు ఈకలు పీకే రకం. అలాంటివాడి ముందుకు బీదరు నుంచి మన్సూర్ అనే హకీం వచ్చాడు. ఇక్కడ రోగులను చూసుకుంటానంటూ తన చదువుకు సాక్ష్యంగా ఉన్న సన్నదు కాగితం తీసి చూపించాడు.

కరీముల్లా దాన్ని ఎండకు ఎత్తిపట్టి చూశాడు, ముద్రను గోటితో గీకాడు, చివరికి వాసన కూడా చూశాడు. తప్పేమీ దొరకలేదు. దాంతో అనుమానం రెట్టింపయింది.

మన్సూర్‌ను బల్లమీద కూర్చోబెట్టి లోపలున్న గురువు నూర్ షా దగ్గరికి వెళ్లాడు.

"బాబా, ఆ మనిషిని నమ్మలేను. రేపు ఎవరికైనా విషం పోశాడంటే పాపం మనదే."

"అయితే షరతు రాయి బేటా. దవాఖానా అన్నాక షరతు ఉండాల్సిందే."

మన్సూర్ ముగ్గురు ఉస్తాదుల దగ్గర చదివాడని సన్నదులో ఉంది. అది మనసులో పెట్టుకుని కరీముల్లా కలం పట్టాడు: 'ఒకే ఉస్తాదు దగ్గర పన్నెండేళ్లు చదివినవారే ఇక్కడ నాడి పట్టాలి.' పామూ చచ్చింది, కర్రా విరగలేదని లోలోపల మురిసిపోయాడు.

అప్పుడు బాబా జ్వరంతో కాలిపోతున్న ఓ ముసలమ్మ నాడి చూస్తున్నారు. కాగితం చదివి, ఆమె చెయ్యి మెల్లగా వదిలేసి లేచారు.

"లేచారేం బాబా?"

"నాకు నలుగురు ఉస్తాదులు." వెళ్లి మన్సూర్ పక్కన కూర్చున్నారు. "నువ్వు చూడు బేటా."

కరీముల్లా బాబా దగ్గర వైద్యం నేర్చుకోను చేరి తొమ్మిదేళ్లే. దవాఖానాలో ఇంకో వైద్యుడు లేడు.

"ఎవరో ఒకరు చూడండి నాయనా," అని మూలిగింది ముసలమ్మ.

కరీముల్లాకు భయం వేసింది. కాగితం చింపేశాడు. గొంతులో కోపం మాత్రం పోలేదు.

"అయితే ఏమీ అడక్కుండా అతణ్ణి రానివ్వమంటారా?"

"నేనెప్పుడన్నాను? నీ అనుమానం మంచిదే. అందరికీ సమంగా పంచు."

కరీముల్లా చింపిన కాగితం ముక్కలు ఏరి పక్కన పెట్టాడు. తర్వాత ఇద్దరినీ ముసలమ్మ మంచం దగ్గరికి పిలిచాడు.

"నాడి చూసి జబ్బేమిటో, మందేమిటో ఎవరికి వారు విడిగా చెప్పాలి. ముందు మీరు, బాబా. తర్వాత ఆయన." గురువుతో ఆ మాట అంటుంటే సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

బాబా బుద్ధిగా తలూపారు.

"మరి నాడి చూసే మూడోవాడెవరు?" అని అడిగారు.

ముసలమ్మ కరీముల్లా వైపు చెయ్యి చాపింది. అతను జీవితంలో మొదటిసారి తన వేళ్లవంకే అనుమానంగా చూసుకున్నాడు.